పాలు పడని బిడ్డకు పాలు వెదికిన వైద్యుడు

పసిబిడ్డ ఆకలికి భాష లేదు. ఏడుపొక్కటే ఆ బిడ్డకు తెలిసిన మాట. ఆ ఏడుపు విని తల్లి పాలు పడితే బిడ్డ ఊరుకుంటుంది. కానీ పాలు తాగిన తరువాతే బిడ్డ మరింతగా ఏడిస్తే? తాగిన ప్రతిసారీ కక్కుకుంటూ, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, విరేచనంలో నెత్తుటి జీర కనిపిస్తూ, నెల తిరిగినా తూకం పెరగకపోతే? మన ఇళ్ళల్లో దీనికి పాలు పడటం లేదు అనే చిన్నమాట ఉంది. మాట చిన్నదే గాని దాని వెనుక ఉన్న తల్లి కన్నీరు చిన్నది కాదు. దిష్టి తగిలిందని ఒకరంటారు, తల్లి పథ్యం తప్పిందని మరొకరంటారు, పాలలో ఇంకాసిని నీళ్ళు కలపమని వేరొకరు సలహా ఇస్తారు. కాపరులుగా ఇళ్ళు దర్శించేటప్పుడు అలాంటి తల్లులను మేము చూస్తూనే ఉన్నాం. ప్రార్థన చేయమని వారు బిడ్డను మా చేతుల్లో పెడతారు. ఆ బిడ్డ ఎంత తేలికగా ఉంటే మా మనసు అంత బరువెక్కుతుంది.

ఈ కష్టానికి ఈనాటి వైద్యశాస్త్రం స్పష్టమైన పేరే పెట్టింది. ఆవుపాలలో ఉన్న మాంసకృత్తులను కొందరు శిశువుల శరీరం ఆహారంగా గుర్తించక శత్రువుగా ఎంచి వాటిపై పోరాటానికి దిగుతుంది. ఇదే పాల అలర్జీ. నూటికి ఇద్దరు ముగ్గురు శిశువుల్లో ఇది కనిపిస్తుంది. పెద్దవారిలో కొందరికి పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుంది. అది పాలలోని చక్కెర అరగక వచ్చేది, వేరే సంగతి. పిల్లల్లోని ఈ అలర్జీ చాలామందికి కొన్నేళ్ళలో దానంతటదే తగ్గిపోతుంది. అయితే ఆ కొన్నేళ్ళే బిడ్డ ఎముక, మెదడు, కండ పెరిగే ఏళ్ళు. తల్లిపాలు అందక, వేరే పాలు పడక ఉన్న బిడ్డను అంతవరకూ దేనితో పెంచాలి? నూరేళ్ళ కిందట ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకని తల్లిదండ్రులు ఎందరో తమ బిడ్డలను మట్టికి అప్పగించారు.

ఈ పసివారికి ఆహారం సిద్ధం చేసే పనిలో దేవుడు వాడుకున్న వారిలో ఒకరు డాక్టర్ హ్యారీ విల్లిస్ మిల్లర్. చైనా డాక్టర్ అనే పేరుతో ఆయన లోకానికి తెలుసు. 1961లో వెలువడిన ఆయన జీవితకథకు కూడా అదే పేరు పెట్టారు. ఆయన సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘానికి చెందిన మిషనరీ. విశ్రాంతి దినం వంటి విషయాల్లో మనలో చాలా సంఘాలకు వారితో ఏకాభిప్రాయం లేదు. అయినా గాయపడిన మనిషిని చూసి ఆగినవాడు ఏ ఊరివాడని మన ప్రభువు లెక్కచూడలేదు. ఆగినందుకే అతన్ని మనకు మాదిరిగా నిలిపాడు (లూకా 10). ఆ కొలతతో చూస్తే మిల్లర్ జీవితం మనమందరం నేర్చుకోదగినది.

ఆయన 1879 జులై 1న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో లడ్లో ఫాల్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. మౌంట్ వెర్నన్‌లో సంఘం నడిపే పాఠశాలలో చదివి, అక్కడినుండి మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్ చేరారు. ఆ రోజుల్లో బ్యాటిల్ క్రీక్ ఆరోగ్యాలయం ఎంతో పేరుపొందింది. దానికి అధిపతి డాక్టర్ జాన్ హార్వే కెల్లాగ్. మనం ఈనాడు కార్న్‌ఫ్లేక్స్ అని పిలిచే ఫలహారానికి మూలపురుషుడు ఆయనే. మాంసం లేకుండా, గింజలతో, పప్పులతో, కాయలతో మనిషి ఆరోగ్యంగా బ్రతకగలడని కెల్లాగ్ గట్టిగా నమ్మారు. గింజల నుండి పాలవంటి పానీయం తీయవచ్చని యువకుడైన మిల్లర్ మొదట తెలుసుకున్నది ఆయన దగ్గరే. బబులోనులో దానియేలు, అతని స్నేహితులు రాజు భోజనం వద్దని శాకధాన్యాదులు అడిగి తీసుకున్న సంగతి (దానియేలు 1) ఆ వైద్యశాలలో ఒక వేదపాఠం మాత్రమే కాదు, దినచర్య కూడా.

1902లో మిల్లర్ వైద్యపట్టా పుచ్చుకున్నారు. తోటి వైద్యురాలు మాడ్ థాంప్సన్‌ను పెళ్ళాడారు. చదువు ముగించిన యువ వైద్యునికి సొంత దేశంలో మంచి జీతం, మంచి పేరు ఎదురుచూస్తున్నాయి. అయితే 1903లో ఆ దంపతులు చైనాకు ఓడ ఎక్కారు. వారితోపాటు మరొక వైద్య దంపతులు, ఇద్దరు నర్సులు ఉన్నారు. వారు వెళ్ళింది షాంఘై వంటి పెద్ద పట్టణానికి కాదు. దేశం లోపల హోనాన్ రాష్ట్రపు పల్లెలకు. బాక్సర్ల తిరుగుబాటులో ఎందరో మిషనరీలు, చైనా విశ్వాసులు హతులై అప్పటికి మూడేళ్ళే అయ్యింది. మిల్లర్ చైనావారి అంగరఖా తొడుక్కున్నారు. ఆ కాలపు చైనా పురుషుల్లాగే తలకు పొడవాటి జడ పెట్టుకున్నారు. వారి మాట నేర్చుకున్నారు, వారి అన్నమే తిన్నారు. ఒకవైపు రోగులను చూస్తూ మరోవైపు చిన్న అచ్చుయంత్రం పెట్టి చైనా భాషలో సువార్త పత్రిక అచ్చువేశారు.

1905 మార్చిలో మాడ్ మరణించింది. స్ప్రూ అనే వ్యాధి ఆమెను తీసుకుపోయింది. తిన్న ఆహారాన్ని పేగులు ఒంటికి పట్టించుకోలేని జబ్బు అది. ఎంత తిన్నా మనిషి చిక్కిపోతూనే ఉంటుంది. ఇద్దరు వైద్యులున్న ఇంట్లో, కళ్ళెదుట అన్నం ఉండగానే ఆమె క్షీణించిపోయింది. పెళ్ళయి మూడేళ్ళయినా నిండలేదు. చైనా మట్టిలోనే ఆమెను సమాధి చేసి మిల్లర్ తన పనికి తిరిగి వెళ్ళారు. ఆకలి అంటే అన్నం లేకపోవడం మాత్రమే కాదని, అన్నం ఉన్నా అది ఒంటికి పట్టకపోవడం కూడా ఆకలేనని ఆయన పుస్తకాల్లో కాదు, తన ఇంట్లో చూశారు. తరువాత ఆయన మేరీ ఐవర్సన్‌ను వివాహం చేసుకున్నారు. 1911లో తానే తీవ్రంగా జబ్బుపడి స్వదేశానికి తిరిగి రావలసివచ్చింది.

అమెరికాలో 1913 నుండి పన్నెండేళ్ళు వాషింగ్టన్ దగ్గరి టకోమా పార్క్‌లో ఉన్న ఆరోగ్యాలయానికి ఆయన వైద్యాధిపతిగా ఉన్నారు. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉబ్బే గాయిటర్ వ్యాధికి శస్త్రచికిత్స చేయడంలో ఆయన చేయి తిరిగినవారు. జీవితకాలంలో అలాంటి ఆపరేషన్లు వేల సంఖ్యలో చేశారు. పేరుకు, సంపాదనకు కొదువ లేని స్థానం అది. 1925లో ఆయన మళ్ళీ చైనా దారి పట్టారు. 1928లో షాంఘైలో పెద్ద ఆరోగ్యాలయం తెరిచారు. 1933లో అక్కడి యువ సేనాధిపతి చాంగ్ హ్స్యూలియాంగ్‌ను మత్తుమందు బానిసత్వం నుండి విడిపించినప్పుడు ఆయన పేరు దేశమంతా మారుమోగింది. ప్రముఖులు ఆయన గుమ్మం ముందు వరుస కట్టారు.

అయినా ఆయన మనసు ఆ ప్రముఖుల మీద నిలవలేదు. ఏ ప్రముఖుడూ కాని, మాటయినా రాని శిశువుల మీద నిలిచింది. తల్లికి పాలు లేకపోయినా, తల్లి చనిపోయినా చైనా పల్లెల్లో బిడ్డకు దిక్కు బియ్యపు గంజే. గంజిలో పిండిపదార్థం తప్ప కండ పెంచే మాంసకృత్తులు చాలా తక్కువ. ఆవులను పాలకోసం పెంచే అలవాటు ఆ దేశంలో అరుదు. సీసాల్లో, డబ్బాల్లో వచ్చే విదేశీ పాలు పేదవాడికి అందని ధర. గంజి తాగిన బిడ్డ ముఖం ఉబ్బి, కాళ్ళు ఉబ్బి, చివరకు చిన్న జ్వరానికే రాలిపోయేది. అమెరికా నుండి ఆవులను దింపితే ఈ సమస్య తీరుతుందా? కోట్లమంది ఉన్న దేశానికి ఎన్ని ఆవులు కావాలి? వాటికి మేత పెంచే నేల ఏది?

మండుతున్న పొద దగ్గర మోషే తన చేతకానితనం చెప్పుకొన్నప్పుడు దేవుడు పరలోకం నుండి కొత్త ఆయుధాన్ని దింపలేదు. అతని చేతిలో ఏముందని అడిగాడు. ఉన్నది గొర్రెల కాపరి కర్ర (నిర్గమ 4). అరణ్యంలో ఐదువేలమంది ఆకలితో ఉన్నప్పుడు ప్రభువు ఒక చిన్నవాడి దగ్గరున్న ఐదు రొట్టెలతో, రెండు చేపలతోనే మొదలుపెట్టాడు (యోహాను 6). చైనావాడి చేతిలో ఉన్నది సోయాచిక్కుడు గింజ. ఎన్నో శతాబ్దాలుగా ఆ దేశం దాన్ని పండిస్తోంది. రాత్రి నానబెట్టి, తెల్లవారుజామున తిరగలిలో రుబ్బి, గుడ్డలో వడగట్టి, కాచి, వేడివేడిగా వీధుల్లో అమ్మేవారు. దాన్నే విరగగొట్టి గడ్డకట్టించి కూరలోకి వాడేవారు. మాంసకృత్తుల విషయంలో ఈ గింజకు సాటి వచ్చే పప్పుధాన్యాలు అరుదు. పిల్లలకు కావలసిన ఆహారం ఆ దేశపు పొలాల్లోనే ఉంది. పసివాడి కడుపుకు అది పడటం లేదు, అంతే.

ఎందుకు పడటం లేదు? అందుకు కారణాలు ఒకటి కాదు. సోయాగింజను నీళ్ళతో రుబ్బిన క్షణంలోనే దానిలోని ఒక ఎంజైము గింజలోని నూనెపై పనిచేసి పచ్చివాసన పుట్టిస్తుంది. ఈ రహస్యాన్ని 1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వివరించారు. మిల్లర్ కాలంలో వాసన తెలుసు గాని కారణం తెలియదు. ఇంకొకటి, సరిగా ఉడకని సోయాలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుంది. మూడవది, వడకట్టులో మిగిలిపోయే పిప్పి పసిపేగులను ఇబ్బంది పెట్టి విరేచనాలు తెస్తుంది. పోనీ ఎక్కువ ఉడికిద్దామంటే అడుగంటి మాడువాసన వస్తుంది, పోషకాలు చెడతాయి.

మిల్లర్‌కు ముందు ఈ దారిలో ఎవరూ నడవలేదని మనం చెప్పకూడదు. 1909లోనే అమెరికా వైద్యుడు జాన్ రూరా సోయాపిండిని పిల్లల ఆహారంగా వాడి చూశారు. 1920ల చివర పెకింగ్‌లో ఎర్నెస్ట్ ట్సో అనే చైనా వైద్యుడు సోయాపాలతో శిశువును పెంచి ఫలితాలు ప్రకటించారు. 1929లో హిల్, స్టువర్ట్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు పాలు పడని శిశువులకు సోయాతో చేసిన ఆహారం గురించి వ్రాశారు. ఒకరు నాటితే మరొకరు నీళ్ళు పోస్తారు, వృద్ధి కలుగజేసేది దేవుడే అని పౌలు కొరింథీయులకు నేర్పిన సత్యం ప్రయోగశాలలో కూడా నిజమే. మిల్లర్ వంతు పని ఏమిటంటే, రుచిగా ఉండి, చౌకగా తయారై, పసికందుకు పడే పాలను గింజ నుండి తీయడం.

ఆసుపత్రిలో పొద్దంతా ఆపరేషన్లు చేసి, తక్కిన వేళల్లో ఆయన ఈ పనిలో మునిగేవారు. మెత్తగా రుబ్బే పద్ధతులు మార్చి చూశారు. వడగట్టే విధానాలు మార్చారు. నూనె పైకి తేలకుండా పాలలో ఏకంగా కలిసిపోయేలా చేయడం నేర్చుకున్నారు. పచ్చివాసన మాత్రం ఆయనను విడిచిపెట్టలేదు. ఒకరోజు ఆ పనిలోనే ఉండగా, నేరుగా ఆవిరి పంపి ఇంకాస్త ఎక్కువసేపు ఉడికించమని వెనుకనుండి ఒక స్వరం చెప్పినట్టు విన్నానని, తిరిగి చూస్తే ఎవరూ లేరని ఆయన తరువాతి కాలంలో సాక్ష్యమిచ్చేవారు. ఆవిరి పంపి చూశారు. ఆవిరితోపాటు పచ్చివాసన ఎగిరిపోయింది.

ఈ సాక్ష్యాన్ని మనం జాగ్రత్తగా చదవాలి. అద్భుతాన్ని మాత్రమే గైకొని దాని ముందూ వెనుకా ఉన్నదాన్ని వదిలేసే అలవాటు మనకుంది. ఆ స్వరం మంచంమీద పడుకున్నవాడికి వినబడలేదు. ఎన్నోసార్లు విఫలమై, మళ్ళీ పొయ్యి ముందు నిలబడ్డవాడికి వినబడింది. విన్న తరువాత కూడా దేవుడు చెప్పాడు గనుక ఇది మంచిదే అని ప్రకటించి ఆయన ఊరుకోలేదు. ఆ పాలను తన వైద్యశాలలో శిశువులకు పట్టి, వారిని వారం వారం తూచి, ఎదుగుదల లెక్క వ్రాసి, చైనా సహోద్యోగితో కలిసి 1936లో చైనీస్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ప్రార్థనకు, త్రాసుకు మధ్య ఆయనకు వైరం కనిపించలేదు. సమస్తమును పరీక్షించి మేలైనదాన్ని పట్టుకొమ్మని థెస్సలొనీకయులకు వ్రాసిన అపొస్తలుని బోధ కూడా అదే కదా!

1936లో పెద్దకుమారుడు విల్లిస్‌తో కలిసి షాంఘైలో ఆయన సోయాపాల కర్మాగారం ప్రారంభించారు. వెటోస్ అనే పేరుతో సీసాల్లో నింపి ఇంటింటికీ పంపేవారు. జనం ఆదరించారు, రోజుకు వేల సీసాలు అమ్ముడుపోయేవి. 1937 మేలో ఆ పాల తయారీ పద్ధతికి అమెరికాలో పేటెంటు కూడా వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో జపాను సైన్యం షాంఘైమీద పడింది. బాంబుల దాడిలో ఆ కర్మాగారం నాశనమైంది. ఏళ్ళ తరబడి కూడబెట్టిన యంత్రాలు, కూర్చిన ఏర్పాట్లు, అప్పుడే అలవాటుపడిన తల్లుల ఆశలు అన్నీ ధూళిలో కలిసిపోయాయి. ముప్పై రెండేళ్ళ కిందట భార్యను పాతిపెట్టిన దేశంలోనే ఇప్పుడు తన స్వప్నాన్ని కూడా పాతిపెట్టవలసివచ్చింది. ఆయన వయసు అప్పటికి యాభై ఎనిమిది. మనలో చాలామంది ఉద్యోగ విరమణ గురించి ఆలోచించే వయసు.

1939లో ఆయన ఒహాయోకు తిరిగివచ్చి, తాను చదువుకున్న మౌంట్ వెర్నన్‌లోనే పొలం కొని, కొత్త కర్మాగారం కట్టారు. ఇక్కడే దేవుని ప్రణాళికలోని వింత మలుపు మనకు కనిపిస్తుంది. అమెరికాలో పాలకు కొరత లేదు. పాడి ఆవుల దేశం అది. అలాంటి చోట సోయాపాలు ఎవరికి కావాలి? కావలసినవారు ఉన్నారు. ఇంటినిండా పాలుండీ ఒక్క చుక్క పడని పసివారు. పేద దేశంలో పాలు దొరకని బిడ్డల కోసం చేసిన ఆహారం, సంపన్న దేశంలో పాలు పడని బిడ్డల ప్రాణాలకు ఆధారమైంది. కరవులో ఉన్నవారి కోసం వెదికిన వెదుకులాట సమృద్ధి నడుమ ఆకలిగొన్నవారిని చేరింది. 1941లో సోయాలాక్ అనే పేరుతో ఆ శిశు ఆహారం విడుదలైంది. ద్రవరూపంలోనూ పొడిరూపంలోనూ దొరికేది. దాన్ని పాలు అని పిలవడానికి పాడి పరిశ్రమ ఒప్పుకోలేదు. అందుకే సోయాకు లాక్ అనే మాట చేర్చారు. లాటినులో లాక్ అంటే పాలే!

1951లో ఆయన ఆ వ్యాపారాన్ని కాలిఫోర్నియాలో సంఘానికి చెందిన లోమా లిండా ఫుడ్స్ సంస్థకు అప్పగించారు. మేరీ అంతకు ముందటి సంవత్సరమే కన్నుమూసింది. డెబ్బై దాటిన వయసులో, రెండుసార్లు ఒంటరి అయిన ఆ వైద్యుడు తన ఇంటి అరుగుమీద కూర్చోలేదు. మళ్ళీ ఆసియాకు వెళ్ళారు. తైవాన్‌లోని తైపీలో 1955లో ఆరోగ్యాలయం ప్రారంభమవడంలో ఆయన ముఖ్యులు. మరుసటి సంవత్సరం చియాంగ్ కై-షెక్ ఆయనను చైనా నీలి నక్షత్ర పురస్కారంతో సన్మానించారు. హాంకాంగ్‌లోనూ ఆసుపత్రి కోసం శ్రమించారు. వెళ్ళిన ప్రతి దేశంలో సోయా ఆహారాల గురించి చెబుతూనే ఉన్నారు.

ఈ చరిత్రలో మరో పాఠం ఉంది. ప్రేమ ఉంటే చాలదు, ఆ ప్రేమ కొలతలు కూడా తప్పకూడదు. సోయాగింజలో మాంసకృత్తులు బాగా ఉన్నా బిడ్డకు కావలసిన మెథియొనిన్ అనే అంశం తక్కువ. కాల్షియం చాలదు. విటమిన్లు, ఖనిజ లవణాలు లెక్కప్రకారం చేర్చితేనే అది శిశు ఆహారం అవుతుంది. ఈ లెక్క ఎక్కడ తప్పినా మూల్యం చెల్లించేది శిశువే. 1979లో అమెరికాలో ఒక కంపెనీ సోయా శిశు ఆహారంలో క్లోరైడు తగ్గిపోయి పిల్లలు జబ్బుపడ్డారు. 1980లో ఆ దేశం శిశు ఆహారాలకు ప్రత్యేక చట్టమే చేసింది. 2003లో ఇశ్రాయేలులో అమ్మిన ఒక సోయా శిశు ఆహారంలో బి1 విటమిను లేకపోవడంతో కొందరు పసివారు ప్రాణాలు కోల్పోయారు. కొద్దిపాటి విషయంలో నమ్మకంగా ఉండేవాడు ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని ప్రభువు చెప్పిన మాట (లూకా 16:10) చిటికెడు విటమినుకు కూడా వర్తిస్తుంది. దేవుని పనిలో చిన్న లెక్కలు అనేవి ఉండవు.

అందుకే ఈ వ్యాసం చదివి ఏ తల్లీ ఇంట్లో సోయాగింజలు రుబ్బి శిశువుకు పట్టకూడదని మేము మనవి చేస్తున్నాం. బజారులో పెద్దలకోసం అమ్మే సోయాపానీయం కూడా శిశు ఆహారం కాదు. మిల్లర్ కాలం తరువాత వైద్యం చాలా ముందుకు నడిచింది. ఆవుపాలలోని మాంసకృత్తులనే చిన్నచిన్న ముక్కలుగా చేసి అలర్జీ కలగకుండా తయారుచేసిన ఆహారాలు 1942 నుండి వచ్చాయి. ఈనాడు చాలామంది శిశువైద్యులు మొదట సూచించేవి అవే. ఆరునెలల లోపు బిడ్డలకు సోయా ఆహారాన్ని ఐరోపా శిశువైద్య నిపుణులు సిఫారసు చేయరు. పాల అలర్జీ ఉన్న పిల్లల్లో పదిమందికి ఒకరిద్దరికి సోయా కూడా పడకపోవచ్చు. మన ఇళ్ళల్లో ఆవుపాలు పడకపోతే గేదెపాలో మేకపాలో పట్టడం వాడుక. వాటి మాంసకృత్తులు కూడా ఆవుపాలను పోలినవే గనుక చాలామంది బిడ్డలకు అవీ పడవు. అన్నిటికన్నా ముందు చెప్పవలసింది, తల్లిపాలకు సాటి మరేదీ లేదు. తల్లి తాగిన ఆవుపాల అంశం తన పాలద్వారా బిడ్డకు చేరి ఇబ్బంది పెడుతుంటే, వైద్యుని సలహాతో తల్లి పాలు, పెరుగు, నెయ్యి మానుకొని బిడ్డకు తన పాలనే ఇవ్వవచ్చు. మన దేశంలో 1992లో చేసిన చట్టం డబ్బాపాల ప్రచారాన్ని నిషేధించింది కూడా తల్లిపాల మేలు కోసమే.

ఇక సంఘంగా మనం నేర్చుకోవలసింది ఒకటుంది. పాలు అందరికీ మంచివి. అయినా ఒక బిడ్డకు పడలేదు. అప్పుడు తప్పు ఎవరిది? బిడ్డదా? తల్లిదా? మిల్లర్ ఎవరినీ నిందించలేదు. చైనా పల్లెవాడిని అజ్ఞాని అనలేదు. అతని పొలంలో పండినదాన్నే చేతిలోకి తీసుకొని, అది పసివాడి కడుపుకు తగినట్టు మారేవరకు శ్రమించారు. పౌలు కొరింథు సంఘానికి బలమైన ఆహారం పెట్టక పాలతోనే పెంచానని చెప్పడం (1 కొరింథీ 3:2) మనకు తెలుసు. పెట్టేవాడు తన దగ్గర ఏముందో కాదు, తినేవాడికి ఏది పడుతుందో చూడాలన్నది ఆ మాటలోని సారం. మన బోధ అందరికీ నచ్చుతున్నా ఒక్క యౌవనస్థుడికి, ఒక్క విధవరాలికి, దుఃఖంలో ఉన్న ఒక్క తండ్రికి మింగుడుపడకపోతే, వారి విశ్వాసంలో లోపమని తేల్చేయడం తేలిక. వారికి పడే విధంగా అదే సత్యాన్ని వడగట్టి, కాచి, చల్లార్చి అందించడం కష్టం. కాపరి పిలువబడింది ఆ కష్టానికే.

పాలు పడని బిడ్డ ఉన్న ఇల్లు మీ సంఘంలో ఉంటే మూడు పనులు చేయవచ్చు. ఆ తల్లిని నిందించే మాటలను ఆపవచ్చు. ప్రార్థన చేసి పంపించడంతో సరిపెట్టక శిశువైద్యుని దగ్గరకు తోడువెళ్ళవచ్చు. ఆ ప్రత్యేక ఆహారాల ధర పేద కుటుంబం మోయలేనిది గనుక, కొన్ని నెలలు ఆ ఖర్చును సంఘం పంచుకోవచ్చు. క్రిస్మసు అలంకరణలకు పెట్టే ఖర్చులో కొంత ఇందుకు కేటాయిస్తే, పశువుల తొట్టిలో పండుకొన్న శిశువు తప్పక సంతోషిస్తాడు. అల్పులైన తన సహోదరుల్లో ఒకరికి చేసినది తనకు చేసినట్టే అని ఆయన ముందే తీర్పు వ్రాసిపెట్టాడు (మత్తయి 25). వారిలో నెలల శిశువుకన్నా అల్పులు ఎవరు?

డాక్టర్ మిల్లర్ 1977 జనవరి 1న కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో కన్నుమూశారు. ఆ రోజు శనివారం, వారి ఆరాధన దినం. గుడికి వెళ్ళే ప్రయత్నంలో ఉండగానే ప్రభువు ఆయనను పిలుచుకున్నాడు. వయసు తొంభై ఏడు. ఆయన పెంచిన పసివారిలో ఎవరికీ ఆయన పేరు తెలిసి ఉండదు. సీసా పట్టుకొని తాగిన బిడ్డకు ఆ పాలు ఎవరు కాచారో ఎలా తెలుస్తుంది? అయితే ఆ బిడ్డలు పెరిగారు, నడిచారు, తమ బిడ్డలను ఎత్తుకున్నారు. మనం పెట్టిన అన్నం ఎవరి ఒంటికి పట్టిందో మన తండ్రి ఎరుగును. పడేవరకూ వెదికే ఓపికను ఆయన మనకూ దయచేయును గాక!